ఎవరి గడ్డకు వాళ్లే నాబు తిప్పాలి

వాదిరాజ సారు ఇంట్లో అడుగుపెట్టి, కాల్చిన ఆలుగడ్డ తినకుండా బయటపడినవాడు ఆదోనిలో లేడు. దొంగ దూరినా సరే, "కూర్చో నాయనా, గంటలో అయితాది" అని వాడికీ ఒక గడ్డ పెట్టే రకం.

ఆయన ఎమ్మిగనూరులో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను ఆయన మేడమీది గదిలో అద్దెకుంటాను. మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తాను. ఆ విద్య నాకెవరూ నేర్పలేదు. మా ఇంట్లోవన్నీ చెడగొట్టి నేర్చుకున్నాను.

సారుకు ఈ పిచ్చి ఉగాది దాటాక పట్టింది. కైరుప్పలలో పిడకల కొట్లాట అయిన వారానికి కొత్త టోస్టర్ ఓవెన్ ఒకటి కొనుక్కొచ్చి, వసారాలో పొట్టి స్టూలు మీద పెట్టారు. ఆ కొట్లాట చూడబోయి నెత్తిన పిడక తగిలించుకున్నారేమో అనుకున్నాను.

"దీంట్లో ఏం చేస్తారు సార్?"

"ఆలుగడ్డ."

"ఇంకా?"

"ఇంగో ఆలుగడ్డ."

నిజంగానే అంతే. ఒకరోజు నేను బ్రెడ్డు ముక్క పట్టుకుని దాని తలుపు మీద చెయ్యి వేశానో లేదో, స్నానం చేస్తున్న మనిషి తడి తువ్వాలుతో పరిగెత్తుకొచ్చారు. "రేయ్ శేఖరా! దాంట్లో ఆలుగడ్డ తప్ప ఇంగోటి పెట్టినావంటే ఈ పొద్దే గది ఖాళీ చేయల్ల!"

ఇంకో విచిత్రం, టైమరు నాబు మాత్రం తాను తిప్పరు. "ఎవరి గడ్డకు వాళ్లే తిప్పల్ల. కూర్చోనే తిప్పల్ల. లేయగూడదు" అంటారు. లెక్కల సారుకు కరెంటంటే భయమని వీధంతా చెప్పి పెట్టాను.

తిన్నాక వదులుతారా? నోటుబుక్కు తీస్తారు.

"ఎట్లుంది?"

"బాగుంది సార్."

"బాగుంది అనేది జవాబా? లోపల గట్టిగుందా, మెత్తగుందా? పండ్లు లేనోళ్లు తినొచ్చునా?"

"నాకు పండ్లున్నాయి కద సార్."

"లేవనుకోని నమలప్పా!"

గ్యాసు బండి మాదన్న ఒకసారి సిలిండరు దించి గంటన్నర ఇరుక్కుపోయాడు. పోతూ పోతూ నాతో మొరపెట్టుకున్నాడు. "ఈ ఇంటికి ఇద్దరం రావల్ల శేఖరా. సిలిండర్ మోసేకి ఒగడు, గడ్డ తినేకి ఒగడు." నోటుబుక్కు తిరగేసి చూస్తే అతని పేజీ ఉంది: 'మాదన్న. డెబ్భై అయిదు నిమిషాలు. బొగ్గు. అయినా తిన్నాడు.'

నేను మాత్రం ఊరికే ఉన్నానా? మేడ మెట్ల మీద కూర్చుని, గడ్డ సగం కాలగానే అచ్చం ఓవెన్ గంట లాగే గాజు గ్లాసును స్పూనుతో 'టింగ్' మనిపించేవాణ్ణి. సారు తలుపు తీసి, పచ్చిగడ్డను గుచ్చి చూసి, "ఈ గంటకు బుద్ధి లేదు" అని తిట్టుకునేవారు. నేను పైన దిండు కరుచుకుని నవ్వేవాణ్ణి.

ఆ ఇంట్లో గడ్డ ముట్టని మనిషి ఒక్కరే, సారు అక్క భీమాబాయమ్మ. వయసు డెబ్భై ఎనిమిది, నోట్లో పళ్లు నాలుగు. స్వయంపాకం ఆమె నియమం. మడి కట్టుకుని, తన చేత్తో పొయ్యి వెలిగించి వండుకున్నదే తింటుంది. తమ్ముడు వండినా తినదు. ఎమ్మిగనూరులో ఒంటరిగా ఉంటూ ఉగాది ముందు జారిపడింది. తుంటికి ఆపరేషను అయింది. సారు ఇక్కడికి తెచ్చుకున్నారు. పొయ్యి దగ్గర నిలబడే శక్తి లేదు, ఒకరు వండింది తినే మనసు లేదు. ఇక మిగిలినవి పాలు, అరటిపండ్లు.

"ఈ నెలాఖరుకు బరువు పెరగకపోతే మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సిందే" అన్నాడు డాక్టరు.

"చేర్చుకోనీ. ఆడ వండేది మాత్రం నేనా?" అంది ఆమె.

రోజురోజుకీ ఆమె కుర్చీలో చిన్నదైపోతోంది. నాకు కడుపు మండింది. అక్క పస్తులుంటే, ఈయన ఊరందరికీ గడ్డలు కాలుస్తున్నాడే! ఒకరోజు పొద్దున సారు పూజలో ఉండగా టైమరు నాబు ఊడబీకి జేబులో వేసుకుని పనికి పోయాను. ఒక్కరోజైనా ఊరి పొట్టలు కుదుటపడతాయి.

మధ్యాహ్నం వచ్చేసరికి వసారాలో ఓవెన్ లేదు. తుడిచి శుద్ధి చేసి, లోపల భీమాబాయమ్మ కుర్చీ పక్కన పెట్టారు. కింద కడిగి ముగ్గు వేశారు. ఆమె మడిచీరలో, కడిగిన ఆలుగడ్డ చేత్తో పట్టుకుని కూర్చుంది. సారు నేలమీద బోర్లా పడి మంచం కింద వెతుకుతున్నారు.

"నాబు కనపడలే శేఖరా!" చెమటలు కారుతున్నాయి.

"ఈ పొద్దు కాకుంటే రేపు సార్..."

ఆయన నన్ను గడప దాకా లాక్కొచ్చి గొంతు తగ్గించారు. "రేపు లేదప్పా. రెండు నెల్లు వాదించినా. గడ్డ తనే పెట్టుకుంటాది, కూర్చోనే తనే తిప్పుకుంటాది, ఇంగొకరి చెయ్యి తగలదు. అప్పుడది స్వయంపాకమే కదా అంటే, నిన్న ఒప్పుకున్యాది. ఒక్కసారి చూస్తా, కుదరకుంటే మళ్లా అడగొద్దని షరతు పెట్టింది."

పొట్టి స్టూలు, బ్రెడ్డు ముక్క, లేని పళ్లతో నమలడం... రెండు నెలలుగా మేమంతా తిన్నవి ఆమె భోజనానికి రిహార్సళ్లు.

జేబులో నాబు సిలిండరంత బరువైపోయింది. మంచం కింద దూరినట్టు దూరి, "ఇదో సార్, దొరికింది!" అన్నాను.

ఆయన అంతకుముందే అక్కడ వెతికారు. నా వైపు చూశారు. బయటికి తిరగబడి వేలాడుతున్న నా జేబు వైపు చూశారు.

"యాడుండె అది?" అంది భీమాబాయమ్మ అనుమానంగా.

రిపేరు పనివాడి జేబులోంచి, ఇస్త్రీపెట్టె మసిలోంచి వచ్చిందంటే ఆమె గడ్డ కింద పెట్టేస్తుంది.

"ఈడే కింద పడిందక్కా. కడిగి ఇస్తా" అన్నారు సారు. చెంబెడు నీళ్లతో కడిగి స్టూలు మీద పెట్టారు.

గడప అవతల నిలబడి నేను చెప్పాను. "నాబు మీది గీత పైకి రావల్ల అవ్వా. ఆఁ, అట్లే నొక్కు. ఇంగ తిప్పు."

ఆమె తిప్పింది. ఓవెన్ ఎర్రబడింది.

ఆ గంటసేపూ ముగ్గురి కళ్లూ ఓవెన్ మీదే. నలభయ్యో నిమిషంలో కరెంటు తగ్గి ఫ్యాను నెమ్మదించింది. సారు కళ్లు మూసుకుని రాయరి స్వామికి దండం పెట్టారు. కరెంటు నిలబడింది. చివరికి, టింగ్!

సారు చటుక్కున నా వైపు తిరిగారు. "నువ్వు కాదు కదా?"

"నా చేతులు ఈడే ఉన్నాయి సార్!" అన్నాక గాని నాకు తట్టలేదు, గ్లాసు సంగతి ఈయనకు మొదట్నుంచీ తెలుసని.

ఆమె గడ్డను విరిచి, నెయ్యి వేసుకుని, ఉప్పు చల్లుకుని ఒక ముద్ద తింది. రెండో ముద్ద తింది. మూడో ముద్దకు మొహం చిట్లించింది.

"మధ్యలో కొంచెం బిరుసుంది. ఎవరప్పా ఇది వండింది?"

"నువ్వే అక్కా."

డెబ్భై ఏళ్లుగా ఊరందరి వంటకూ తినకుండానే వంకపెట్టిన మనిషి, మొదటిసారి తన వంక తానే వెనక్కి తీసుకుంది. "బాగనే ఉందిలే. ఆ బుట్ట ఇట్ల జరుపు, ఇంగోటి పెట్టుకుంటా" అంది.

సారు వసారాలోకి వచ్చి, పైపంచెతో మొహం తుడుచుకుని, నోటుబుక్కు తీశారు. భుజం మీదుగా తొంగి చూశాను.

'అక్క. అరవై నిమిషాలు. ఇంకోటి అడిగింది.'

దాని కింద ఇంకో వరుస రాశారు.

'శేఖర్ ప్యాంటు జేబులు కుట్టేయించాలి.'