ఎడమవైపు అద్దం

మా ఆవిడకు ప్రయాణం పడదు. బస్సెక్కితే వాంతులు, ఏసీ కారెక్కితే ఇంకా ఎక్కువ వాంతులు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె కుదురుగా కూర్చోగలిగిన బండి మా పాత అంబాసిడర్ ఒక్కటే. అదీ ముందు సీట్లో, ఎడమవైపు అద్దం పూర్తిగా దించి, మొహం గాలికి పెడితేనే. నేను ఇనుప ఖనిజం లారీలు తిప్పిన రోజుల్లో కొన్న కారది. లారీలు పోయాయి. ఆ కారూ, డ్రైవర్ల మీద అరిచీ అరిచీ అలవాటైన నా కోపమూ మిగిలాయి.

పోయిన ఎండాకాలం ఆ ఎడమవైపు అద్దమే బిగుసుకుపోయింది. మూసింది మూసినట్టే ఉంది. హ్యాండిల్ తిప్పితే లోపల టకటకమంటుందే తప్ప వెంట్రుకవాసి కూడా దిగదు.

సరిగ్గా అప్పుడే చోరనూరు నుంచి ఫోనొచ్చింది. మా ఆవిడ వాళ్ల అక్క స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకోలేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. రోజురోజుకూ చిక్కిపోతోందని చెప్పారు. చిన్నప్పుడే తల్లి పోతే మా ఆవిడకు తలదువ్వి, అన్నం తినిపించి, పెళ్లి చేసి పంపింది ఆ అక్కే. వీడియో కాల్ చేస్తే ఆమెకు ఫోన్లో మొహం ఆనదు, మాట వినపడదు. ఈమె అరిచీ అరిచీ, చివరికి ఫోన్ పక్కన పడేసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. చూడలేక మా అల్లుడి కొత్త కారులో బయలుదేరదీశాను. అద్దాలన్నీ దించినా ఆ కొత్త సీట్ల వాసనకే కళ్లు తేలేసింది. తోరణగల్లు చేరకముందే వెనక్కి తిప్పాం.

మెకానిక్ దగ్గరికి పోతే, "ఆ డబ్బా బండికి నాకు టైమ్ లేదప్పా, వచ్చే నెల సూద్దాం" అన్నాడు. డబ్బా బండి అంటాడా! ఒళ్లు మండిపోయింది. నేనే విప్పుకుంటానని చెప్పి ఇంటికొచ్చేశాను.

సత్యనారాయణపేటలో మా ఇంటి ముందు సాయంత్రం నీడ పడ్డాక పని మొదలుపెట్టాను. మేకుతో పిన్ను తోసి హ్యాండిల్ ఊడదీశాను. తలుపు లోపలి అట్ట ఊడబెరికాను. ఫోన్ టార్చి వేసి చూస్తే, అద్దాన్ని ఎత్తీ దించే ఇనుప చేతుల మధ్య ఎర్రగా, గట్టిగా ఏదో ముద్ద. స్క్రూడ్రైవర్‌తో గోకితే పసుపు రంగు గింజలు రాలాయి. వాటి వెనకే ఎండిన సేవంతి రేకులు.

"ఏందే ఇది?" అని కేకేశాను.

ఆవిడ వంగి చూసింది. "అక్షింతలు" అంది తాపీగా.

"అక్షింతలని నాకూ కనపడతానే ఉండాది. తలుపులోకి ఎట్లొచ్చినాయంట?"

విషయం ఏమిటంటే, ప్రతి ఆయుధపూజకూ కారుకు హారతిచ్చి, అక్షింతలూ పూలూ బానెట్ మీద చల్లుతాం గదా. అవి జారి వీధిలో పడితే జనం తొక్కుతారని, పూజయ్యాక ఈవిడ ఒక్కొక్కటీ ఏరేది. ఏరి, తను కూర్చునే వైపు తలుపులో, అద్దం పక్కనున్న సందులోంచి లోపలికి జారవిడిచేది. ఏటా ఇదే వరస. నాకు ఒక్కసారి కూడా తెలియలేదు.

"యాడెయ్యమంటావు మరి? రోడ్డుమీద ఏస్తే పాపం కాదా? లోపలుంటే బండికి కాపలా ఉంటాయనుకుంటి."

"బాగానే కాసినాయి కాపలా! అద్దం ఇట్ల కదిలితే ఒట్టు!"

"అంతా నా మీదికే తోస్తావేమి? హ్యాండిల్ గట్టిగైతే సాలు, పైనుంచి నూనె పోసేది ఎవురు? నీ నూనె, ఊర్లో దుమ్ము, నా బియ్యం. పాకం పట్టింది నువ్వే గదయ్యా."

అది నిజమే. నవ్వు ఆపుకోవాలని చూశాను, నా వల్ల కాలేదు. ఆవిడా నవ్వింది. అక్క పడిపోయిన కబురు వచ్చాక ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు. నా ప్రాణం లేచొచ్చింది. నేను గోకుతుంటే, ఒక్క గింజ కూడా నేల మీద పడకుండా ఆవిడ కింద స్టీలు పళ్లెం పట్టుకుని కూర్చుంది. కాళ్లు తిమ్మిరెక్కుతాయి లేవవే అంటే వినదు.

కిరసనాయిలుతో కడిగాక అసలు దెబ్బ బయటపడింది. హ్యాండిల్ తిరిగితే ఆ కదలికను అద్దానికి అందించే పళ్ల రేకులో సగం పళ్లు అరిగిపోయి ఉన్నాయి. మొత్తాన్నీ కలిపి గ్లాసు మిషన్ అంటారు. మర్నాడు దాన్ని సంచీలో వేసుకుని కౌల్ బజార్లో పాత సామాన్ల అంగడికి పోయాను. అంగడాయన తిప్పి తిప్పి చూసి, "అరే చాచా, ఇది యాడ దొరకతాది ఇప్పుడు? ఆదోనిలో మావోడుండాడు, అడుగుతా. వారమైనా పడతాది" అన్నాడు. పక్కనున్న మరో రెండు అంగళ్లూ తిరిగి, అందరినీ తిట్టుకుంటూ ఇంటికొచ్చి పాతదే బిగించాను.

హ్యాండిల్ తిప్పితే అద్దం హాయిగా దిగింది. పైకి తిప్పితే సగం దాకా వచ్చి, అరిగిన పళ్ల దగ్గర పట్టు జారి మళ్లీ లోపలికి పడిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా అంతే.

"వారం ఆగుదాం లేవే. మిషన్ వస్తాది, మార్చుకుని పోదాం" అన్నాను.

"దిగుతాది గదా? దిగితే సాలు, పా."

"సండూరు దోవ ఎట్లుంటాదో తెలుసునా నీకు? ఖనిజం లారీలన్నీ ఆడే పోతాంటాయి. అద్దం ఎత్తనీక రాకపోతే ఆ దుమ్మంతా నీ మొగమ్మీదికే."

"దుమ్ము కడిగితే పోతాది. వారానికి మా యక్క ఉంటాదని నువ్వు చెప్పగల్తావా?"

లేచి కారు తాళాలు తీసుకున్నాను.

దారంతా ఆవిడ మొహం బయటికి పెట్టే కూర్చుంది. లారీ ఎదురొచ్చినప్పుడల్లా కొంగు కప్పుకోమని నేను అరిచాను. కప్పుకుంటే కడుపులో తిప్పుతుందని ఆవిడ వినలేదు. వాంతి మాత్రం ఒక్కటీ కాలేదు. సండూరు దాటేసరికి ఆవిడ కనుబొమలూ, ముందు జుట్టూ, బుగ్గలూ అన్నీ ఎర్రమన్ను రంగుకు తిరిగాయి. మొహం కడుక్కుందువు గానీ అని ఒక టీ అంగడి దగ్గర కారాపబోతే, ఆపొద్దని నా చెయ్యి గిల్లింది.

చోరనూరులో వదిన నడవలో నులకమంచం మీద ఉంది. అంత పొడుగు మనిషి, పిడికెడంత అయిపోయింది. మా ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా పోయి మంచం పట్టె మీద కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి "అక్కా" అంది. వదిన చెయ్యెత్తి చెల్లెలి మొహం తడిమింది. తడిమిన వేళ్లు కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది.

"ఏమే, మళ్లీ మట్టిలో ఆడుకొని వస్తాండావా? ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

తడిగుడ్డ తెమ్మంది. వదిన కోడలు తెచ్చి, తనే తుడవబోతే వదిన ఇవ్వలేదు. నుదురు తుడిచింది, కనుబొమలు తుడిచింది, ఒక చెంప, తర్వాత రెండోది. మధ్యమధ్య చెయ్యి మంచం మీద వాలిపోయేది. మళ్లీ ఎత్తేది. మనవళ్లున్న మా ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని, గడ్డం ఎత్తి, చిన్నపిల్లలా కూర్చుంది. కన్నీళ్లు కారుతుంటే వదిన వాటినీ మట్టితో పాటే తుడిచింది.

ఇక చాలనుకుని వదిన గుడ్డ పక్కన పెట్టబోయింది.

"ఈడ ఇంకా ఉండాదక్కా" అని మా ఆవిడ చెంప తిప్పి చూపించింది.

ఆ చెంప మీద ఏమీ లేదు.