చిన్నాయన కట్టిన రాకాసి స్లాత్

ఇవాళ ఉస్మాన్‌గంజ్‌లో తడిసిన గోనెసంచుల వాసన ముక్కుకు తగలగానే, ఏనుగంత జంతువొకటి మా నాంపల్లి సందును నింపేసిన చిన్ననాటి వినాయక చవితి గుర్తొచ్చింది.

దాన్ని కట్టింది మా చిన్నాయన. ఆయన పడుకుంటే స్టేషన్లో రైళ్ళు కూత వేయడానికి మొహమాటపడేవి. లేచి చెప్పులు తొడుక్కునేలోపు ఎండాకాలం పోయి వానాకాలం వచ్చేది. అలాంటి మనిషి ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన పుస్తకంలో రాకాసి స్లాత్ బొమ్మ చూసి, పరుగున ఇంటికొచ్చాడు! ఇప్పుడు చెట్లకు తలకిందులుగా వేలాడుతూ బద్ధకంగా కదిలే బుల్లి స్లాతులకు అది పాతకాలపు చుట్టమట. తోకను మూడో కాలులా ఆనించి నిలబడి, చిటారు కొమ్మలు వంచుకుని మేసేదట. గోళ్ళు అడ్డమొచ్చి పాదాలు పక్కకు వాల్చి నడిచేదట. మంటపంలో గణపతి పక్కన అది నిలబడాలి, పండుగయ్యాక తన మంచం పక్కకు రావాలి, అంతే. కుడుముల ఆవిరి, పాలతాలికల తీపి వాసన సందంతా కమ్ముకుంటుంటే, పిల్లలమంతా వెదురుబద్దలకు గోనె చుట్టి, కొబ్బరిపీచు అంటించి, మట్టలు చెక్కి గోళ్ళు పెట్టాం. ఖైరతాబాద్ గణపతి కూడా అసూయతో ఇటు తొంగిచూశాడని మా గట్టి నమ్మకం.

నానమ్మ వచ్చి దాని చుట్టూ తిరిగింది.

"ఏందిరా గిది? ఎలుగుబంటా?"

"కాదే అమ్మా, స్లాత్. వేల ఏండ్ల కిందనే వీటి ఖాందాన్ మొత్తం ఖతమైంది."

"అయ్యో, పెద్దలల్ల కలిసిన్రా! మరి బొట్టు గూడ వెట్టకుండ నిలవెట్టినవేందిరా?"

చిన్నాయన నోరు తెరిచేలోపు దాని నుదుట కుంకుమ, మెడలో బంతిపూల దండ పడ్డాయి. సాయంత్రానికి సందులోని ఆడవాళ్ళంతా అగరొత్తులు వెలిగించి, గారెలు పెట్టి, తమ తాతముత్తాతల క్షేమసమాచారాలు కూడా దాన్నే అడిగారు.

చిక్కు నిమజ్జనం రోజు వచ్చింది. పూజ అందుకున్నదాన్ని ఇంట్లో ఉంచకూడదు, నీళ్ళలో కలపాల్సిందేనని నానమ్మ తీర్పు. చిన్నాయన పుట్టి బుద్ధెరిగాక పూర్తి చేసిన ఒకే ఒక్క పని ఆ స్లాత్. లారీ మీదికెక్కి దాని కాలు వాటేసుకున్నాడు.

"జర ఆగున్రి! ఇది నాది."

"రేపు నేను పోతే గూడ గిట్లనే కాళ్ళు వట్టుకొని ఆపుతవారా?" అంది నానమ్మ.

చిన్నాయన తన పద్ధతిలోనే, ఒక్కో వేలూ విడిపించుకుంటూ, చాలాసేపటికి వదిలాడు.

అది నీళ్ళలోకి ఒరుగుతుంటే ఏడుస్తున్న మమ్మల్ని దగ్గరికి తీసుకుని, "ఫికర్ చెయ్యకున్రి. వీటిల్ల కొన్ని సముద్రంలకు దిగి, అడుగున గడ్డి మేసుకుంట బతికినయట," అన్నాడు. ఆ మాట మాకంటే ఆయనకే ఎక్కువ అవసరం.

ఇప్పుడు నానమ్మ లేదు, చిన్నాయనా లేడు. ఆ సందు మంటపానికి రబ్బరు డైనోసార్లు కిరాయికి వస్తాయి, కళ్ళు మిటకరిస్తాయి, గర్జిస్తాయి. పండుగ కాగానే గాలి తీసి, మడతపెట్టి, తీసుకుపోతారు. ఎవరూ అడ్డుపడరు.