పైడయ్య నోరు మూయించిన స్టేషన్

పైడయ్య కౌలాలంపూర్‌లో ఒక రేడియో దుకాణంలో మరమ్మతు పనివాడు. రబ్బరు తోటలో పుట్టి, సొంతంగా పని నేర్చి పైకొచ్చినవాడు. మనిషి మంచివాడే గాని, మొండితనానికి మాత్రం మందు లేదు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కనుక, పెళ్లాం కన్నమ్మను పినాంగులో విశాఖపట్నం ఓడ ఎక్కించి వచ్చాడు. రెండోనాడు సముద్రంలో తుఫాను లేచిందని తెలిసింది. ఓడ ఏమైందో చెప్పే నాథుడు లేడు.

అతనికి ముద్ద దిగలేదు. మద్రాసు రేడియోలో తెలుగు వార్తలు వింటే చాలనుకున్నాడు. ఆ గొంతు సన్నగా అందుతూనే ఉంది, కానీ ఊళ్లోని చిన్న స్టేషన్ దాని మీద పడి వినపడనివ్వడం లేదు. పక్క వాటాలో ఉండే పోలమ్మ, మాట చివర అక్కడివాళ్లలా 'లా' తగిలిస్తూ చెప్పి చూసింది.

"ఈ ఊరి రేడియోలోనూ అరవంలో కబుర్లు సెప్తారు కదరా. అదీ ఇనుకో లా."

"మనోల ఓడ సంగతి అరవోలకేటి తెలుస్తాది పిన్నీ? మన కబురు మన మాటలోనే వస్తాది."

ఆ సాయంత్రం ఒక తీగచుట్టనూ, ఒక కండెన్సర్‌నూ పక్కపక్కనే కలిపి, ఏరియల్‌కూ ఇంట్లోని తన రేడియోకూ మధ్య తగిలించాడు. ఆ రెండూ కలిసి ఏ తరంగానికి సరిగ్గా కుదిరితే దానికి దారి మూసేస్తాయి, తక్కినవాటిని పోనిస్తాయి. ఏ గొంతు మనకు అవసరమో వాటికేం తెలుసు? జల్లెడ గింజ సైజు చూస్తుంది గాని రుచి చూడదు కదా. మీట తిప్పగా తిప్పగా ఊరి స్టేషన్ సన్నబడి ఆగిపోయింది. పైడయ్యకు సంతోషంతో కళ్లనీళ్లు తిరిగాయి.

తలుపు గడియపెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ బిగించి కూర్చున్నాడు. మద్రాసు పలికింది. పాటలు వచ్చాయి, ధరవరలు వచ్చాయి, వార్తలూ వచ్చాయి. ఓడ ఊసు లేదు. వస్తుందిలే అని పిచ్చివాడు ఇంకా కూర్చున్నాడు.

హెడ్‌ఫోన్ తీశాక గాని తలుపు బాదుతున్నారని తెలియలేదు. తీస్తే పోలమ్మ, ఏడుస్తూ.

"ఎంతసేపట్నుంచి కొడతన్నానురా! కాఫీ కొట్టు కాడ ఈ ఊరి రేడియోలోనే అరవంలో సెప్పినారు. ఓడ మునిగిపోనాది. దొరికినోలని వేరే ఓడోలు పినాంగు ఆసుపత్రికి తెచ్చినారంట. కన్నమ్మ పేరు సదివినారు. పానం మీదకొచ్చినాదంట, సొంతోలు ఈ రేత్రి రైలుకే రావాలన్నారు!"

పైడయ్య చొక్కా కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. రైలు వెళ్లిపోయింది. మళ్లీ బండి తెల్లారాకే.

అతను పినాంగు చేరేసరికి కన్నమ్మ లేదు, కడుపులో బిడ్డా లేదు. తెల్లవారే దాకా మొగుడు వచ్చాడా అని అడుగుతూనే ఉందని నర్సు తమిళంలో చెప్పింది. పైడయ్యకు ప్రతి మాటా అర్థమైంది.