ఐదో నంబరు బెడ్డు పేషెంటు

2009 వానాకాలంలో స్వైన్ ఫ్లూ వార్డుకు హెడ్ నర్సుగా నన్ను వేశారు. భద్రాచలం అడవి అంచున ఒక సర్కారు దవాఖానా. వార్డంటే పెద్దగా ఊహించుకోకండి. కంటి ఆపరేషన్ల గదిలో ఆరు మంచాలు, తలుపు మీద చాక్‌పీసుతో "ఐసోలేషన్" అని రాత. అది చదివి వైరస్ బుద్ధిగా లోపలే ఉండిపోతుందని పైవాళ్ల నమ్మకం.

రోజూ పొద్దున పదకొండింటి లోపల జిల్లాకు ఫ్యాక్స్ పోవాలి. అనుమానం కేసులెన్ని, హైదరాబాద్ పంపిన గొంతు శాంపిళ్లెన్ని, అన్నీ గళ్లే. ఏ గడి ఖాళీగా ఉన్నా ఫారం తిరిగొస్తుంది. అందుకని ఏమీ లేనిచోట "నిల్" కొట్టడం మా నర్సుల చేతికి అలవాటు. ఇంతలో ఎవరో పెద్దసారు ఒత్తిడి మీద క్లాసు విని వచ్చి కొత్త గడి చేర్చారు: "సిబ్బందిలో మానసిక ఇబ్బంది ఉన్నవారు". మా మీద ఎంత ప్రేమో! అదే వారం సెలవులన్నీ రద్దు చేస్తూ ఆర్డరు కూడా ఆయన సంతకంతోనే వచ్చింది. నేను ఆ గడిలోనూ ఠంచనుగా నిల్ కొట్టాను.

మా వార్డులో సమ్మక్క అని స్టాఫ్ నర్సు ఉండేది. కోయపిల్ల, తన ఊళ్లో నర్సు చదివిన మొదటి మనిషి. ఎనిమిది నెలల బిడ్డను దమ్మపేటలో అత్త దగ్గర వదిలి మూడు వారాలుగా ఇంటికి పోలేదు. పదేపదే చేతులు కడుక్కుంటుంటే మంచి నర్సని మెచ్చుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! చర్మం చిట్లి రక్తం వస్తున్నా కడుక్కుంటూనే ఉంది. అన్నం డబ్బా మూత తీయకుండానే పక్కన పెట్టేది.

ఒక పొద్దున అత్త బిడ్డను ఎత్తుకుని గేటు దగ్గరికి వచ్చింది. బిడ్డ చేతులు చాపింది. సమ్మక్క పది అడుగుల దూరంలోనే ఆగి, "వద్దత్తా, తీస్కపో. నేను ముట్టుకుంటే సస్తది" అని లోపలికి ఉరికింది. పోయి చూస్తే సింకు దగ్గర కూలబడి ఉంది.

"మేడమ్, నా పానం బాగలేదు. ఎవ్వరికి చెప్పాలె?" అంది.

చెప్పాల్సింది నాకే. నేను ఆ పొద్దున కూడా నిల్ కొట్టి వచ్చాను.

సూపరింటెండెంటు సారును సెలవు అడిగితే ఆర్డరు చూపించారు. పేషెంటైతే ఆలోచించొచ్చుగాని స్టాఫుకు ఎట్లా అన్నారు. దారి సారే చూపించారు మరి. డ్యూటీ మారేటప్పుడు మేము ప్రతి బెడ్డు సంగతీ రిపోర్టు బుక్కులో రాస్తాం. రౌండ్స్‌కు వచ్చి సారు కింద సంతకం పెడతారు. చదివే చెడ్డలవాటు ఆయనకు లేదు. ఖాళీగా ఉన్న బెడ్డు చూసి నేను రాశాను: "బెడ్ నంబర్ ఐదు. సమ్మక్క, ఇరవై ఆరేళ్లు, స్టాఫ్ నర్సు. నిద్ర లేదు, తిండి లేదు, బిడ్డను ముట్టడానికి భయం." సంతకం పడింది. సిరా ఆరకముందే చూపించాను.

"ఏందమ్మా ఇది? మన సమ్మక్క పేషెంటా?"

"అవ్ సార్. మీరే సంతకం చేసిన్రు."

ఆయన తన సంతకాన్నే ఇంకోసారి చూసుకుని, పది రోజుల మెడికల్ లీవు రాశారు. గొంతు శాంపిల్ నెగెటివ్ అని వచ్చాకే ఇంటికి పంపాం. ఆ కాగితం చూశాక కూడా బిడ్డను ఎత్తుకోవడానికి ఆమెకు రెండు రోజులు పట్టిందట. ఫ్యాక్సులో నిల్ బదులు "ఒకరు" అని వేశాను. జిల్లా నుంచి జల్దీగానే సాయం అందింది, సంజాయిషీ అడుగుతూ మెమో రూపంలో.

సమ్మక్క తిరిగొచ్చింది. చేతులు మానాయి. మర్నాడు రిపోర్టు బుక్కు తెరిస్తే ఆమె రాత: "బెడ్ నంబర్ ఆరు. హెడ్ నర్సు, యాభై రెండేళ్లు. నలభై రోజులుగా సెలవు లేదు. అందరి మీద అరుస్తున్నారు. టీ పోసుకుని తాగడం మర్చిపోతున్నారు." కింద సారు సంతకం, ఎప్పటిలాగే చదవకుండా. నవ్వబోయి ఏడ్చాను.

సర్వీసులో నాకు మిగిలిన పాఠం ఇది. సిబ్బంది గడి నింపే ముందు లేచి వెళ్లి మనిషిని చూడాలి. తమ గడి మాత్రం ఎవరూ తామే నింపుకోకూడదు.