దర్భబొమ్మ కొలత

ముప్పై ఏళ్లు దాటిన మాట. హిందీ మాట్లాడే సీమలోని రైల్వే బస్తీ లాల్‌ఖదాన్‌లో పట్టాల పక్కనున్న ఇంట్లో అప్పయమ్మ పంతులు చేతిలోని దర్భకట్ట లాక్కుని వీధిలోకి విసిరేసింది. ఆమె కొడుకు చిన్నారావు శాంతిసేనతో శ్రీలంక వెళ్లి, అక్కడి అడవిలో కాల్పుల్లో పోయాడు. పక్కనున్న జవాను కళ్లారా చూశాడు. శవం మాత్రం దొరకలేదు. శవం లేనప్పుడు దర్భలతో బొమ్మ కట్టి దహనం చెయ్యాలన్నారు పెద్దలు.

"నాను పాలిచ్చినది గడ్డికా బాబూ? హనుమంతుడు లంకకెల్లి రాలేదేటి? ఆయన సముద్రం దాటగానే దినాలు సేసీసినారేటి?" అంది అప్పయమ్మ.

పంతులు కిందికి చూస్తూ సంచి సర్దుకున్నాడు. లోకో షెడ్డులో నలుగురిని అదిలించే మొగుడు అమ్మన్న కూడా తల దించుకున్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న పక్కింటి మంగాయమ్మ, నోటి పదునులో తనని మించినది ఒకతి ఉందని మురిసిపోయింది.

గెలిచిన మాటే గొంతులో ముల్లై కూర్చుంటుందని ఎవరికి తెలుసు? మహాలయ అమావాస్యకి అమ్మన్న తండ్రికీ తాతకీ పిండాలు పెట్టేవాడు. కొడుకు పేరు నోటిదాకా వచ్చేది. పెళ్లాం వైపు చూసి మింగేసేవాడు. అలా మింగుతూనే ఒకనాడు కన్నుమూశాడు. అప్పయమ్మ ఏడవలేదు. ఏడిస్తే ఒప్పుకున్నట్టే కదా. అలాగని వస్తాడనీ నమ్మలేదు. బతికున్నవాళ్లలో ఉంచుకోలేదు, పోయినవాళ్లలో కలపలేదు. బిడ్డని గుమ్మం మీదే నిలబెట్టేసింది.

ఇప్పుడు మంచం పట్టింది. చూసేది పోయిన కూతురి కొడుకు, రేపు కొరివి పెట్టేదీ వాడే. మంచివాడే. కానీ తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తాడు, మేనమామంటే వాడికి గోడ మీది ఫోటో. చిన్నారావు నడుస్తుంటే చూసినవాళ్లు ఇక ఈవిడా, పక్కింటి మంగాయమ్మా, ఇద్దరు ముసలమ్మలే మిగిలారు.

మొన్న మంగాయమ్మ గంజి తీసుకెళితే అప్పయమ్మ గిన్నె పక్కకి తోసింది.

"నన్ను కాల్సిననాడు దర్భలు తెప్పించి ఆడి బొమ్మ కట్టించే, మంగా. నా పక్కనెట్టమను. ఇద్దరికీ ఒకటే నిప్పు."

మంగాయమ్మ గిన్నె మళ్లీ దగ్గరికి జరిపింది. "నీకన్నా ముందు నాను పోతేనో, వదినా?" అని కసిరింది.

"నీ నోటికి జడిసి యముడు నీ గుమ్మం తొక్కడులే." నవ్వబోతే దగ్గొచ్చింది. ఊపిరి అందాక మంగాయమ్మ చెయ్యి పట్టుకుంది.

"పంతులు జానెడు బొమ్మ కట్టి సేతులు దులుపుకుంటాడు. ఒప్పుకోకు. నా నెత్తి ఆడి బుజానికొచ్చీది, నువ్వు సూసినావు కదా. దగ్గరుండి కొలత నువ్వే సెప్పు."