క్లచ్ పెడల్ లేని బండి కోసం కిచెనర్ దాకా

కెనడాలో మా సార్నియా నుంచి కిచెనర్‌కి పొద్దున ఒకటే రైలు, ఎనిమిదీ నలభైకి. సాయంత్రం తిరిగొచ్చేదీ ఒకటే. ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఇది గుర్తుపెట్టుకోండి. స్టేషన్‌కి బస్సు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి, టాక్సీకి ముందు రోజే చెప్పుకోండి. జూన్‌లో ఒక శనివారం నేనూ, మా ఇంటి ఓనర్ డోరిస్‌గారూ అలాగే బయల్దేరాం.

ఆవిడకి డెబ్భై ఆరేళ్లు. ఇండియా నుంచి మా కాలేజీకి వచ్చిపడిన స్టూడెంట్లకి ఊళ్లో గది దొరకడమే గగనమైన రోజుల్లో, తన మేడ మీద గది నాకిచ్చారు. ఆవిడ గ్యారేజీలో కారు లేదు, ఎప్పుడూ లేదట. ఇప్పుడు అక్కడ నా సైకిల్ ఉంటుంది. మంచులో కూడా పార్ట్ టైమ్ జాబ్‌కి దాని మీదే పోతాను, ఏం చేస్తాం.

ఆ ఇంటి హాల్లో ఒక ఫోటో ఉంది. ఒక కారు వెనక భాగం, పక్కన నూనె మరకల చొక్కాతో ఆవిడ నాన్న. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక, రిఫైనరీలో వెల్డింగ్ పని చేస్తూ, ఇంటి వెనక షెడ్‌లో రేకు కొట్టి కొట్టి సొంతంగా కట్టుకున్న బండి అది. డిక్కీకి ఏకంగా ఫ్రిజ్ హ్యాండిల్ బిగించాడు. సరిగ్గా అలాంటి హ్యాండిలే ఆ వారం మా తెలుగువాళ్ల గ్రూపులో ఒక ఫోటోలో కనిపించింది. కిచెనర్ పక్కన పాత ఫామ్ హౌస్ కొన్న వేణుగారు పెట్టారు. ‘కొట్టంలో ఈ బండి ఉంది, ఏ కంపెనీదో ఎవరికీ తెలియట్లేదు, సోమవారం స్క్రాప్‌కి ఇచ్చేస్తున్నా’ అని రాశారు. నేను ఫోన్ పట్టుకుని ఒక్క పరుగున కిందికి దిగాను.

డోరిస్‌గారు కళ్లజోడు సవరించుకుని చూశారు. “మా నాన్నదో కాదో తేల్చుకోవాలి. ఆయనదే అయితే, అది తుక్కయిపోతోందని తెలిసి హాయిగా నిద్రపోతాను” అన్నారు.

రైలు పెద్దగా ఖాళీ లేదు. దారిలో లండన్ అనే ఊరుంది (ఇంగ్లండుది కాదు), అక్కడ స్టూడెంట్లు బిలబిలమంటూ ఎక్కారు. ఎదుటి సీట్లో పెద్దాయన “ఎక్కడికమ్మా ప్రయాణం?” అని అడిగితే, డోరిస్‌గారు “అంత్యక్రియలకి” అన్నారు. పాపం, ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నేను నవ్వాపుకోలేక పులిహోర డబ్బా తెరిచాను.

స్ట్రాట్‌ఫర్డ్ దాటాక ఆవిడే మొదలుపెట్టారు. “మా అమ్మకి పోలియో. ఎడమ కాలు వంగేది కాదు, ఇనప పట్టీలుండేవి. ఆదివారం మా ఇంటికి చుట్టాలొస్తే అమ్మ కిటికీ దగ్గర కూర్చునేది, నాన్న షెడ్‌లో సుత్తి పట్టుకుని ఉండేవాడు. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ న్యుమోనియాతో పోయింది. ఆ తర్వాత నెలకి బండి పూర్తి చేశాడు, ఇంకో వారానికి అమ్మేశాడు. ఒక్క మైలు కూడా నడపలేదు. మా అమ్మ ఆదివారాలన్నీ దేనికి ధారపోసినట్టు?”

ఆయన పోయేదాకా ఆవిడ ఆయనతో సరిగా మాట్లాడలేదట. నేను పులిహోర ఇంకాస్త పెట్టాను.

పన్నెండు కావొస్తుండగా కిచెనర్‌లో దిగాం. వేణుగారు కారు తెచ్చారు, వెంట పదేళ్ల కూతురు. “ఏ ఊరమ్మా మీది?” అన్నారు. “విజయవాడ అన్నయ్యా, ఆటోనగర్. మా నాన్న లారీ బాడీ మేస్త్రీ.” “అయితే సరైన మనిషివే వచ్చావు. పాత కార్లు కొనేవాళ్లు ముగ్గురు చూశారు. ముందు గ్రిల్ ఒక కంపెనీది, లైట్లు ఇంకోటివి, పైగా క్లచ్ పెడలే లేదు, సగంలో వదిలేసిన బండి అని పోయారు.” వెనక సీట్లోంచి పిల్ల “ఇట్స్ సో వియర్డ్” అంది.

కొట్టంలో గడ్డి వాసన. డోరిస్‌గారు తిన్నగా బండి వెనక్కి వెళ్లి ఫ్రిజ్ హ్యాండిల్ మీద చెయ్యి పెట్టారు. “ఇదే” అన్నారు. ఆ వెంటనే వేణుగారితో, “సోమవారం ఎన్నింటికి వస్తారు వాళ్లు? పట్టుకుపొమ్మనండి.”

నా కళ్లు డ్రైవర్ డోర్ మీద పడ్డాయి. లాగితే, మామూలుగా కాక వెనక వైపు కీళ్ల మీద, బార్లా తెరుచుకుంది. ఎక్కి కూర్చున్నాను. కుడి కాలికి బ్రేకు దగ్గరగా తగిలింది. ఎడమ వైపు మాత్రం నేల గొట్టంలా ముందుకి పోయింది. అంత చోటు కోసం ఇంజిన్‌ని పక్కకి జరిపాడు మహానుభావుడు. స్టీరింగ్ వెనక, ఎడమ చేతి వేళ్లకి అందేలా, స్కూటర్‌కి ఉన్నట్టే ఒక లివర్. నొక్కితే కింద రాడ్ కదిలింది.

మా నాన్న రేకు ముట్టుకునే ముందు, నడిపే మనిషిని పీట మీద కూర్చోబెట్టి మోకాలి నుంచి మడమ దాకా టేపు పెట్టేవాడు. మా వీధిలో పోలియో కాలున్న టీచర్‌గారికి కారు మార్చిన రోజున టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. ఆవిడకీ చేతికే క్లచ్ పెట్టాడు.

“డోరిస్‌గారూ, ఇది సగంలో వదిలేసింది కాదు. ఎడమ కాలితో తొక్కాల్సిన క్లచ్ ఇదిగో, చేతికి ఉంది. వంగని కాలుతో ఎక్కడానికి ఆ డోర్, దాన్ని చాపుకోవడానికి ఈ చోటు. మీ నాన్న దీన్ని తన కోసం కట్టుకోలేదండీ. మీ అమ్మగారు నడపడానికి కట్టారు.”

నేను దిగి, గొట్టం లోపల చేత్తో తడిమాను. రేకు మీద మందపాటి ఉన్ని గుడ్డ అతికించి ఉంది, ఇనప పట్టీ తగిలి చప్పుడు చెయ్యకుండా.

“వంటింట్లో స్టూల్ మీద కూర్చోబెట్టి అమ్మ కాలు కొలిచేవాడు,” అన్నారు డోరిస్‌గారు. “ఎన్నిసార్లో. కొత్త పట్టీల కోసం అనుకున్నాను. నాకెందుకు చెప్పలేదు?”

“కొలతలు అమ్మగారివి కదా. ఇంకెవరికీ సరిపోవు. ఆవిడే లేకపోయాక ఆయన ఎలా నడుపుతాడు?” అన్నాను. ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

డోరిస్‌గారు ఎక్కి కూర్చుని ఎడమ కాలు చాపారు. పాదం గొట్టం చివరికి ఆనింది. “నాది మా అమ్మ పొడుగే” అన్నారు. వేణుగారు బయటికెళ్లి స్క్రాప్ వాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్పొచ్చారు. భోజనంలో చికెన్ పలావు. డోరిస్‌గారు మారు వడ్డించుకున్నారు, పెరుగు పచ్చడి ఎలా చేస్తారో అడిగి రాసుకున్నారు.

ఏడు దాటాక తిరుగు రైలు. ఎండ ఇంకా మొక్కజొన్న చేల మీదే ఉంది. కిచెనర్‌లో చూడాల్సినవి చాలా ఉంటాయంటారు, మేం ఒక్కటీ చూడలేదు. ఒక కొట్టం చూసి వచ్చాం. అంత దూరం వెళ్లినందుకు నాకు అదే చాలు. మా నాన్నకి ఫోన్ చేసి చెప్పాలి, ఆయన పీట లాంటిదే ఇక్కడా ఒక స్టూల్ ఉండేదని.

డోరిస్‌గారు ఎడమ కాలు దారికి అడ్డంగా చాపుకుని కూర్చున్నారు. కండక్టర్ వచ్చి “కాస్త కాలు తీస్తారా మేడం” అన్నాడు. తీశారు, అతను వెళ్లగానే మళ్లీ చాపారు. కిటికీలోంచి చూస్తూ, “వచ్చే శనివారం వేణు ట్రక్కు మీద తెస్తానన్నాడు. నీ సైకిల్ వరండాలో పెట్టుకో షైలా. గ్యారేజీ మా అమ్మకి కావాలి” అన్నారు.