ఏసీలు చెడిపోయిన నాలుగో రోజు

2006 వేసవిలో, ముసఫా నుంచి అబుదాబి వెళ్లే బస్సులో ఒకాయన ఒళ్లో తువ్వాలు మూటతో నా పక్కన కూర్చున్నాడు. ముసఫాలోనే ఒక లేబర్ క్యాంపులో వంట చేస్తాడట. మాట నిజామాబాద్ వైపుది. నా చేతిలోని పాత తెలుగు పత్రికలో హత్యలు ఎందుకు పెరుగుతాయన్న వ్యాసం ఉంది.

"ఏం రాసిన్రు సార్?"

"నిరుద్యోగం, తాగుడు, చదువు లేకపోవడం" అని చదివి వినిపించాను.

"నిద్ర లేకపోవుడు రాయలేదా?"

వాళ్ల క్యాంపులో ఏసీలు చెడిపోయి ఆ రోజుకి నాలుగు రోజులు. గదికి పన్నెండు మంది.

"పోయినేడు గిట్లనే అయింది సార్. మూడో దినం నల్లా కాడ లొల్లయి ఒక మనిషి సచ్చిండు, ఎవడో ఎత్కపోయిన నా కత్తితోనే. ఏసీలు మంచిగైనంక మళ్ల అందరు అన్నదమ్ముల లెక్క ఉన్నరు."

"ముదీర్‌కి, అదే మీ మేనేజర్‌కి, చెప్పలేదా?"

"చెప్పిన. ఏసీల సామాను రావాల్నన్నడు."

మూట నా వైపు జరిపాడు.

"వంటింటి కత్తులు సార్. ఏసీలు మంచిగయ్యేదాంక మీ ఇంట్ల పెట్టుకుంటరా?"

పోలీసులు, వీసా, ఇంట్లో పిల్లలు ఒక్కసారిగా గుర్తొచ్చారు. తల అడ్డంగా ఊపాను.

ఆయన మూట మళ్లీ ఒళ్లోకి తీసుకుని, ముసఫాకి తిరుగు బస్సు ఎక్కడ ఎక్కాలని అడిగాడు.

చెప్పాను.